యాభై ఏళ్ళ ముంగిట పాత స్పోర్ట్స్ కారును ఎంచుకోవడం ఎలా?

మా పెద్దమ్మాయి కాలేజీకి వెళ్ళిన ఏడాది, పదకొండేళ్ళ పాటు మా సంసారాన్ని మోసిన మినీవ్యాన్‌ను అమ్మేశాము. గ్యారేజీలో ఖాళీ అయిన ఆ చోటికి ఒక పాత స్పోర్ట్స్ కారును తెచ్చుకోవాలని నేను నిశ్చయించుకునేనాటికి నాకు 49 ఏళ్ళు. అది 2019. అయిదు నెలల్లో తొమ్మిది కార్లు చూశాను, మూడింటిని డబ్బిచ్చి పరీక్ష చేయించాను, చివరికి ఒకటి కొన్నాను. డాలస్ చుట్టుపక్కల నా ఈడు తెలుగువారు చాలామంది ఇప్పుడు ఇదే కోరికతో ఉన్నారు. ఇల్లు అమరింది, అప్పులు చాలావరకు తీరాయి, పిల్లల చదువులకు దాచవలసింది దాచారు; ఇన్నేళ్ళూ వాయిదా వేస్తూ వచ్చిన ఒక ముచ్చటను ఇకనైనా తీర్చుకుందామనుకుంటున్నారు. వారి ముచ్చట తీరాలని, అయితే అది మరమ్మతుల బిల్లుల కింద నలిగిపోకూడదని ఈ వ్యాసం రాస్తున్నాను.

నేను పాటించిన సూత్రం ఒక్కటే. ఇంతవరకు క్రమంగా నడిచిన కారునే కొనాలి. ఇకపై మనం క్రమంగా నడపగలిగిన కారునే కొనాలి. కారు రకం, ధర, పరీక్ష, బీమా అన్నింటినీ ఈ సూత్రంతోనే తూచి చూడవచ్చు.

తక్కువ మైళ్ళ మీది మోజు

పాత కారు అనగానే మనవారు మొదట అడిగేది ఎన్ని మైళ్ళు తిరిగిందని. రోజూ ఆఫీసుకు వెళ్ళే కారుకు ఆ ప్రశ్న సబబే. పదిహేనేళ్ళు దాటిన స్పోర్ట్స్ కారు విషయంలో మాత్రం అది దారి తప్పించే ప్రశ్న. నెలల తరబడి కదలకుండా ఉన్న కారులో రబ్బరు సీళ్ళు ఎండి బిగుసుకుపోతాయి, ట్యాంకులోని పెట్రోలు చెడి ఇంజెక్టర్లలో జిగురుగా పేరుకుంటుంది, బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది, టైర్లు నేలకు ఆనిన చోట చదునవుతాయి. వారానికి ఒకసారి వీధి చివరిదాకా వెళ్ళి వచ్చినా మేలు జరగదు, ఎందుకంటే ఇంజను పూర్తిగా వేడెక్కకముందే ఆపివేస్తే లోపల చేరిన తేమ ఆవిరై పోయే వీలు లేక నూనెలోనే నిలిచిపోతుంది.

నాకు అన్నిటికంటే ఎక్కువగా నచ్చిన కారు 2003 నాటి పోర్షే బాక్స్‌స్టర్ ఎస్. ఓడోమీటరు మీద 19 వేల మైళ్ళు మాత్రమే ఉన్నాయి, ఒకే యజమాని, రంగు అద్దంలా ఉంది. లిఫ్టు మీదకు ఎక్కించి చూసేసరికి టైర్లు పదేళ్ళ నాటివని, ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య నూనె చెమరుస్తోందని తేలింది. నూనె మార్చిన రసీదులు నాలుగేళ్ళకు ఒకటి చొప్పున ఉన్నాయి. ఆ యజమాని కారును ప్రేమగానే చూసుకున్నాడు, కాని నడపలేదు. దానిని వదిలి, 74 వేల మైళ్ళు తిరిగిన 2009 నాటి బాక్స్‌స్టర్‌ను కొన్నాను. దాని రసీదుల దొంతర రెండు అంగుళాల మందం ఉంది; ప్రతి ఏడాదీ నూనె మార్చారు, బ్రేకు ద్రవాన్ని రెండేళ్ళకు ఒకసారి మార్చారు, టైర్లు అరిగిన ప్రతిసారీ నాలుగింటినీ ఒకే రకానివి వేయించారు. ఆరేళ్ళుగా అది నన్ను దారి మధ్యలో ఒక్కసారి కూడా నిలిపివేయలేదు.

కనుక ఎన్ని మైళ్ళని అడగడం మాని, ఆ మైళ్ళు ఏయే ఏళ్ళలో తిరిగినవో అడగండి. రసీదుల మీద తేదీ, మైళ్ళు రెండూ ఉంటాయి. వాటిని ఒక కాగితం మీద వరుసగా రాసుకుంటే, కారు ఏ ఏడాది నడిచిందో, ఏ ఏడాది మూలన పడి ఉందో స్పష్టంగా కనబడుతుంది.

ముందు మన ఒళ్ళు, మన ఇల్లు

ఇరవై ఏళ్ళ వయసులో గోడకు అంటించుకున్న బొమ్మలోని కారు యాభై ఏళ్ళ నడుముకు సరిపడుతుందని అనుకోవద్దు. షోరూములో రెండు నిమిషాలు కూర్చుని లేస్తే ఏమీ తెలియదు. కనీసం అరగంట నడపాలి. తరువాత దిగి, మళ్ళీ ఎక్కి, పక్కనే మరో కారు ఇరుకుగా నిలిపి ఉన్నప్పుడు తలుపును సగమే తెరిచి దిగగలుగుతున్నామో లేదో చూడాలి. క్లచ్చు తొక్కేటప్పుడు ఎడమ మోకాలు స్టీరింగుకు తగులుతోందా, టాపు మూసినప్పుడు తల పైకప్పుకు ఆనుతోందా, బైఫోకల్ కళ్ళజోడుతో మీటర్లు స్పష్టంగా కనబడుతున్నాయా అని గమనించాలి. ఇవి చిన్న సంగతులుగా తోస్తాయి, కాని కారు గ్యారేజీలోనే ఉండిపోవడానికి చాలాసార్లు ఇవే కారణాలవుతాయి.

నా భార్యను మొదటి రోజు నుంచీ వెంట తీసుకువెళ్ళాను. ఇద్దరే కూర్చోగల కారులో రెండో సీటు ఆమెది గనుక, ఆ సీటు గురించి తీర్పు చెప్పవలసింది కూడా ఆమే. ఒక కార్వెట్‌లో ఇరవై నిమిషాలు ప్రయాణం చేశాక కాళ్ళ దగ్గర వేడి భరించలేనంతగా ఉందని ఆమె చెప్పకపోయి ఉంటే, నేను ఆ సంగతి గమనించేవాడినే కాదు.

గేర్ల విషయంలో మనకు ఒక సౌలభ్యం ఉంది. ఆంధ్రలోనో తెలంగాణలోనో మారుతి 800 మీద డ్రైవింగు నేర్చుకున్న వారికి హాఫ్ క్లచ్చు అంటే ఏమిటో, ఎత్తు మీద బండిని వెనక్కి జారకుండా ఎలా కదిలించాలో పాదానికే తెలుసు. అయితే అక్కడ కుడివైపు కూర్చుని ఎడమ చేత్తో గేరు మార్చాము. ఇక్కడ ఎడమవైపు కూర్చుని కుడి చేత్తో మార్చాలి. పెడళ్ళ వరుస మాత్రం రెండు చోట్లా ఒకటే. నాకు అలవాటు కావడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలు అమ్మేవారి కారు మీద గడవకుండా, ముందుగానే ఒక మాన్యువల్ కారును అద్దెకు గాని స్నేహితుల దగ్గర గాని తీసుకుని చేతికి అలవాటు చేసుకోవడం మర్యాద. రోజూ గంటల తరబడి ట్రాఫిక్కులో నడపవలసిన వారు, లేదా ఎడమ మోకాలికి చికిత్స జరిగిన వారు ఆటోమేటిక్‌ను ఎంచుకుంటే అందులో చిన్నతనమేమీ లేదు.

పదవీ విరమణ తరువాత ఈ కారును హైదరాబాదుకు తీసుకుపోదామన్న ఆలోచన కొందరిలో ఉంటుంది. భారతదేశంలోకి వాడిన కారును దిగుమతి చేసుకోవాలంటే అది మూడేళ్ళ లోపుదీ, కుడివైపు స్టీరింగు ఉన్నదీ అయి ఉండాలి. కాబట్టి ఈ ముచ్చట ఇక్కడే తీర్చుకోవలసినది.

ఏ కారు?

అమెరికాలో ఈ అవసరానికి మూడు కార్లు నాకు ముందుగా గుర్తుకు వస్తాయి. మాజ్డా మియాటా, పోర్షే బాక్స్‌స్టర్, షెవర్లే కార్వెట్.

మొదటిసారి స్పోర్ట్స్ కారు కొనేవారికి, పైగా గ్యారేజీలో పనిముట్లు లేనివారికి, నేను సంకోచం లేకుండా చెప్పేది మియాటా. 1989లో షికాగో ఆటో షోలో వెలువడిన ఈ కారు ఇప్పటికి నాలుగో తరానికి చేరింది. 2016 నాటికి పది లక్షల కార్లు తయారయ్యాయి. తొలి తరం కారు బరువు వెయ్యి కిలోల లోపే ఉండడం వల్ల, తక్కువ శక్తి గల చిన్న ఇంజనుతోనే అది హుషారుగా కదులుతుంది. 40 మైళ్ళ వేగంలో కూడా నడిపిన సంతోషం కలుగుతుంది గనుకనే ఇది ఈ వయసుకు తగిన కారని నా అభిప్రాయం. మొదటి రెండు తరాలలో, అంటే 2005 వరకు వచ్చిన వాటిలో, టైమింగు బెల్టు (వాల్వులను నడిపే రబ్బరు పట్టీ) ఉంటుంది; దానిని 60 వేల మైళ్ళకు ఒకసారి మార్చినట్టు రసీదు చూడాలి. ఆ తరువాతి వాటిలో చైను ఉంటుంది. పాత మియాటాకు అసలు శత్రువు తుప్పు. సీట్ల వెనుక నుంచి కిందికి వెళ్ళే వాననీటి గొట్టాలు ఆకులతోనూ మట్టితోనూ పూడుకుపోతే నీరు తలుపుల కిందనున్న ఇనుప పెట్టెలలో నిలిచి లోపలి నుంచి తినివేస్తుంది. వెనుక చక్రాలకు ముందున్న అంచును వేళ్ళతో గట్టిగా నొక్కి చూడండి. రెండో తరం కారయితే ముందు భాగంలోని చట్రపు పట్టీలను కూడా కిందినుంచి చూడవలసిందే. మూడో తరంలో 2007 నుంచి దొరికిన గట్టి పైకప్పు మోటారు సాయంతో 12 సెకన్లలో ముడుచుకుంటుంది, డిక్కీలో చోటు కూడా తగ్గదు. టెక్సస్ ఎండలో ఇది ఎంతో ఉపయోగకరం. నాలుగో తరంలో 2016 నుంచి వచ్చిన తొలి కార్లలో గేర్‌బాక్సు విఫలమైన సందర్భాలున్నాయి. దానిని మార్చారా, వారంటీ కింద మార్చారా అని అడగాలి. 2019 నుంచి ఇంజను శక్తి 155 నుంచి 181 హార్స్‌పవర్‌కు పెరిగింది, కాబట్టి కుదిరితే ఆ తరువాతి కారే మేలు. ఆరడుగులు దాటిన వారు మాత్రం కూర్చుని చూడకుండా ఏ మియాటాకూ బయానా ఇవ్వకండి.

బాక్స్‌స్టర్ గురించి ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే మనవారిలో చాలామంది కల అదే, మోసపోయే అవకాశం ఎక్కువగా ఉన్నదీ దానిలోనే. 1997 నుంచి 2008 వరకు వచ్చిన బాక్స్‌స్టర్ ఇంజనులలో ఒక మధ్యంతర షాఫ్టు ఉంటుంది. క్రాంకు షాఫ్టు నుంచి శక్తిని తీసుకుని, వాల్వులను నడిపే చైన్లకు అందించడం దాని పని. గేర్‌బాక్సు వైపున ఆ షాఫ్టు చివరను మోసే బేరింగునే అందరూ ఐఎంఎస్ (ఇంటర్మీడియట్ షాఫ్టు) బేరింగు అంటారు. అది విరిగితే వాల్వులకూ పిస్టన్లకూ మధ్యనున్న తాళం తప్పి అవి ఒకదానికొకటి గుద్దుకుంటాయి. ఆపై మొత్తం ఇంజనునే మార్చవలసి వస్తుంది. తొలి సంవత్సరాలలో రెండు వరుసల బంతులున్న బేరింగు వేశారు. 2000 ప్రాంతం నుంచి 2005 వరకు ఒకే వరుస గలది వచ్చింది, ఎక్కువగా భయపడవలసింది దానికే. 2006 నుంచి 2008 వరకు వేసిన పెద్ద బేరింగు గట్టిదే గాని, ఇంజనును రెండుగా విప్పితే తప్ప దానిని బయటకు తీయడం కుదరదు. 2009 నుంచి వచ్చిన కొత్త ఇంజనులో ఆ షాఫ్టే లేదు.

అందువల్ల బాక్స్‌స్టర్ కొనేవారికి నా సలహా సూటిగా ఉంటుంది. డబ్బు సరిపోతే 2009 నుంచి 2012 మధ్య వచ్చిన కారు కోసం వెతకండి. 2.9 లీటర్ల ఇంజను గల మామూలు బాక్స్‌స్టర్ 255 హార్స్‌పవర్‌తో ఏ రహదారికైనా చాలు. ఎస్ మోడలు అవసరం లేదు. అంతకంటే పాతది కొనాలనుకుంటే, ఐఎంఎస్ బేరింగు మార్చిన రసీదు, అందులో వేసిన భాగం పేరు, మార్చిన మైళ్ళు చూపమనండి. ఆ బేరింగు మార్చాలంటే గేర్‌బాక్సు దించక తప్పదు, క్లచ్చు మార్చడానికీ అదే పని చేయాలి. అందుచేత రెండింటినీ ఒకేసారి మార్పించిన యజమాని తెలివిగలవాడు. క్లచ్చు కొత్తగా వేసి, బేరింగును తాకకుండా వదిలేశారంటే, అందుకు కారణమేమిటో తప్పక అడగాలి.

ఇదే ఇంజను కుటుంబంలో రెండో ప్రమాదం సిలిండరు గోడల మీద పడే గీతలు. చిన్న 2.5, 2.7 లీటర్ల ఇంజనులలో ఇది అరుదు, 3.4 లీటర్లు, అంతకు మించిన వాటిలో ఎక్కువ. ఇంజను వేడెక్కాక ఒకే లయలో టిక్కుటిక్కుమనే శబ్దం, ఒకవైపు పొగ గొట్టంలో మాత్రమే దట్టంగా పట్టిన మసి, నూనె త్వరత్వరగా తగ్గిపోవడం దీనికి గుర్తులు. స్పార్కు ప్లగ్గుల రంధ్రాలలోనుంచి కెమెరా పంపితే సిలిండరు పైభాగమే కనబడుతుంది. గీతలు మొదలయ్యేది అడుగున గనుక, నూనె తొట్టిని విప్పి కిందినుంచి చూడగల మెకానికే సరైనవాడు. ఇక, చల్లగా ఉన్న కారును స్టార్టు చేసినప్పుడు ఒక్క క్షణం తెల్లని పొగ వచ్చి ఆగిపోతే కంగారు పడవలసిన పని లేదు. పడుకుని ఉన్న సిలిండర్లలోకి రాత్రంతా కాస్త నూనె జారడం సహజం. పొగ మబ్బులా కమ్ముకుని ఆగకుండా వస్తే మాత్రం నూనెను గాలి నుంచి వేరుచేసే భాగం పాడైందని అనుకోవాలి.

మొదటి తరం బాక్స్‌స్టర్‌లో మరొక రహస్యం ఉంది. దొంగతనం జరగకుండా ఇంజనును బంధించే ఎలక్ట్రానిక్ పెట్టె డ్రైవరు సీటు కింద, నేలను ఆనుకుని ఉంటుంది. టాపు దగ్గరి వాననీటి గొట్టాలు పూడుకుంటే నీరు కార్పెట్టు కిందికి చేరి ఆ పెట్టెను ముంచుతుంది, కారు స్టార్టు కాదు. కాబట్టి సీటు కింద చెయ్యి పెట్టి కార్పెట్టు తడిగా ఉందేమో తడిమి చూడండి. ఈ కారులో ఇంజను మధ్యలో, టాపు కింద దాగి ఉంటుంది. మూత ఎత్తి చూద్దామంటే కనబడదు. లిఫ్టు మీద చూడకుండా బాక్స్‌స్టర్‌ను కొనడం చీకట్లో బేరం చేయడమే.

కార్వెట్ మనవారు తక్కువగా ఆలోచించే కారు. అది అన్యాయమని నాకు అనిపిస్తుంది. 1997 నుంచి 2004 వరకు వచ్చిన అయిదో తరం కారులోని 5.7 లీటర్ల వీ8 ఇంజను సరళమైనది, గట్టిది. విడి భాగాలు చవక, ఊరి మెకానిక్కుకు కూడా దాని పని తెలుసు. 2008 తరువాతి ఆరో తరం కారులో 430 హార్స్‌పవర్ ఉంటుంది, ఇద్దరి పెట్టెలు పట్టేంత డిక్కీ కూడా ఉంటుంది. అయిదో తరంలో ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే వ్యవస్థ) దీపం వెలుగుతుంటే వెనక్కి తగ్గండి, ఆ కంప్యూటరు పెట్టెను కొత్తగా కొనుక్కోవడం ఇప్పుడు కష్టం. ఒంటి మీద పలకలు ఇనుపవి కావు గనుక తుప్పు పైకి కనబడదు. ఉప్పు చల్లే మంచు రాష్ట్రాల నుంచి వచ్చిన కారయితే కింద చట్రాన్ని చూడాలి.

పిల్లలను ఎప్పుడైనా వెనుక కూర్చోబెట్టుకోవాలనుకునే వారికి సుబరు బీఆర్‌జెడ్, దాని తోబుట్టువైన టొయోటా 86 (2016 వరకు అమెరికాలో సయాన్ ఎఫ్ఆర్-ఎస్ పేరుతో వచ్చింది) ఉన్నాయి. 2013 నాటి వాటికి వాల్వు స్ప్రింగుల రీకాల్ (లోపం సరిదిద్దడానికి కంపెనీయే కార్లను వెనక్కి పిలవడం) జరిగింది, అందుకోసం ఇంజనును బయటకు దించవలసి వచ్చింది గనుక, ఆ పని ఎవరు చేశారో తెలుసుకోవాలి. హోండా ఎస్2000 అద్భుతమైన కారు, కాని 2009లో తయారీ ఆగాక మంచివాటి ధర బాగా పెరిగింది. అంత పెట్టి కొన్న కారును వానలో నడపడానికి మనసొప్పదు, కనుక నా సూత్రానికి అది సరిపడదు.

కాగితాలు

కారును చూడడానికి బయలుదేరే ముందే 17 అక్షరాలూ అంకెలూ గల విన్ నంబరు (కారు గుర్తింపు సంఖ్య) అడిగి తీసుకోండి. ఇవ్వడానికి వెనుకాడే వారి దగ్గరికి వెళ్ళనక్కరలేదు. ఆ నంబరుతో అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వారి వెబ్‌సైటులో పెండింగు రీకాల్‌లను, ఎన్‌ఐసీబీ (బీమా నేరాలను పరిశోధించే సంస్థ) వారి విన్‌చెక్‌లో దొంగతనం, సాల్వేజ్ (బాగా పాడై బీమా సంస్థ రాసేసిన కారు) వివరాలను ఉచితంగా చూడవచ్చు. కార్‌ఫాక్స్ (కారు చరిత్ర నివేదిక) కూడా కొనండి, కాని దానిని నమ్మవలసినంతే నమ్మండి. ఎవరైనా నమోదు చేసిన ప్రమాదమే అందులో ఉంటుంది. బీమాకు చెప్పకుండా సొంత డబ్బుతో బాగుచేయించినది ఉండదు.

ఇది నాకు అనుభవమైన సంగతి. హ్యూస్టన్ వైపు ఒక చిన్న డీలరు దగ్గర చూసిన కారుకు టైటిలు (యాజమాన్య పత్రం) శుభ్రంగా ఉంది, కార్‌ఫాక్స్‌లో ఒక్క మచ్చ లేదు. కార్పెట్లు మాత్రం మరీ కొత్తగా ఉన్నాయి. సీటు బెల్టును చివరిదాకా బయటకు లాగితే చివరి అడుగున బురద గీత కనిపించింది. సీటును ముందుకు జరిపి చూస్తే కింది పట్టాలు ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి. 2017 ఆగస్టులో హార్వే తుఫాను ఆ ప్రాంతాన్ని ముంచిన సంగతి అందరికీ తెలిసినదే. నేను మాట్లాడకుండా తాళాలు తిరిగి ఇచ్చి వచ్చాను. హెడ్‌లైట్ల లోపలి చెమ్మ, డిక్కీ అడుగున ఇసుక, ఘాటైన సుగంధం వెనుక దాగిన ముక్కిన వాసన కూడా ఇటువంటి గుర్తులే.

పరీక్ష రోజు

మీరు వచ్చేవరకు కారును స్టార్టు చేయవద్దని ముందే చెప్పండి. వెళ్ళగానే ఇంజను దగ్గర చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూడండి. చల్లని ఇంజను మొదటి అర నిమిషంలో చేసే శబ్దమే దాని నిజస్వరూపం. ముప్పై డాలర్లకు దొరికే ఓబీడీ రీడరును (కారు కంప్యూటరులోని సమాచారాన్ని చదివే పరికరం) గుచ్చి, తప్పుల సంకేతాలతో పాటు మానిటర్లు (కారు తనను తాను పరీక్షించుకునే వ్యవస్థలు) సిద్ధంగా ఉన్నాయో లేదో చూడాలి. చెక్ ఇంజన్ దీపం వెలుగుతుంటే నిన్న రాత్రి దానిని చెరిపేసిన వారి కారులో దీపం కనబడదు, కాని మానిటర్లు ఇంకా సిద్ధం కాలేదని రీడరు చూపిస్తుంది.

టైరు పక్కన డీఓటీ అన్న అక్షరాల తరువాత చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్నీ, ఏడాదినీ చెబుతాయి. 2317 అంటే 2017లో 23వ వారం. ఆరేళ్ళు దాటిన టైర్లయితే గాడి ఎంత లోతుగా ఉన్నా మార్చుకోవలసినవే, ఆ ఖర్చును ధరలోంచి తగ్గించమని అడగవచ్చు. రంగు మందాన్ని కొలిచే మీటరుతో ప్రతి పలకనూ తాకించండి. ఫ్యాక్టరీ రంగు సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. ఒక్క తలుపు మీద అది రెండింతలుంటే అక్కడ మరమ్మతు జరిగింది. కార్వెట్ పలకల మీద లోహం లేదు గనుక ఆ మీటరు పనిచేయదు, అక్కడ పలకల మధ్య సందులు సమానంగా ఉన్నాయా అని కంటితోనే చూడాలి.

నడిపేటప్పుడు రేడియో ఆపండి, అమ్మేవారిని మాట్లాడవద్దని మర్యాదగా కోరండి. నాలుగో గేరులో తక్కువ వేగం నుంచి యాక్సిలరేటరు పూర్తిగా తొక్కితే, కారు వేగం పెరగకుండా ఇంజను మాత్రమే అరిస్తే క్లచ్చు జారుతోందన్నమాట. ఇంకా చల్లగా ఉండగానే మూడు నుంచి రెండో గేరుకు దించి చూడండి. గరగరమంటే గేర్లను సాఫీగా కలిపే సింక్రో అరిగింది. 65 మైళ్ళ వేగంలో స్టీరింగు వణుకుతోందా, చేతులు వదిలితే పక్కకు లాగుతోందా అన్నవి కూడా గమనించాలి.

ఇంత చేసినా, ఆ కారు రకంలో నిపుణుడైన, అమ్మేవారితో సంబంధం లేని మెకానిక్కు చేత పరీక్ష చేయించకుండా డబ్బు ఇవ్వవద్దు. దానికి 200 నుంచి 500 డాలర్ల దాకా అవుతుంది. సిలిండర్లు ఒత్తిడిని ఎంతవరకు నిలుపుతున్నాయో చూపే కంప్రెషను, లీక్‌డౌను పరీక్షలు, అడుగు భాగపు ఫొటోలు, నూనె ఫిల్టరులో లోహపు రజను ఉందేమో చూడడం అడిగి చేయించుకోండి. మాన్యువల్ పోర్షే అయితే ఇంజను కంప్యూటరులో నమోదైన ఓవర్ రెవ్ (ఇంజను హద్దుకు మించి తిరగడం) నివేదిక కూడా తీయించాలి. అయిదో గేరు నుంచి నాలుగుకు బదులు పొరపాటున రెండోదానికి దించితే, చక్రాలే ఇంజనును హద్దు దాటించి తిప్పుతాయి, దానిని ఏ లిమిటరూ ఆపలేదు. 2009 తరువాతి కార్లలో ఇది ఆరు శ్రేణులుగా నమోదవుతుంది; నాలుగు, అయిదు, ఆరు శ్రేణులలో ఇటీవలి గంటలలో అంకెలుంటే ఆ కారును వదిలేయడమే మంచిది. 2025 జనవరి నుంచి టెక్సస్‌లో సొంత కార్లకు ఏటేటా జరిగే భద్రతా పరీక్షను ఎత్తివేశారు. డాలస్, హ్యూస్టన్ వంటి చోట్ల పొగ పరీక్ష మాత్రమే మిగిలింది. కనుక బ్రేకులు, సస్పెన్షను సంగతి ఇప్పుడు కొనేవారే చూసుకోవాలి.

ధర, బదిలీ, మొదటి ఏడాది

మీ దగ్గర 20 వేల డాలర్లుంటే 16 వేల కారును చూడండి. మిగిలిన నాలుగు వేలు ఖర్చు కాకపోతే సంతోషమే, కాని అవి చేతిలో లేకుండా కొంటే మొదటి పెద్ద బిల్లు రాగానే కారు మూలన పడుతుంది. వ్యక్తి దగ్గర కొన్నా టెక్సస్‌లో 6.25 శాతం పన్ను ఉంటుంది. మీరు బాగా తక్కువకు కొన్నామన్నా, ఆ కారుకు ప్రభుత్వం కట్టిన విలువలో 80 శాతం మీదైనా పన్ను వేస్తారు. అమ్మేవారికి ఇంకా అప్పు మిగిలి ఉంటే వారి బ్యాంకులోనే కలుసుకుని, అక్కడే తీర్చి, టైటిలును కౌంటీ ట్యాక్సు ఆఫీసులో ఇద్దరూ కలిసి మార్పించుకోవడం అన్నిటికంటే భద్రమైన పద్ధతి.

బీమా సంగతి కొనకముందే తేల్చుకోవాలి. మామూలు పాలసీ ప్రమాదం తరువాత కారు అప్పటి మార్కెట్ ధరనే ఇస్తుంది. హాగర్టీ వంటి సంస్థలు ముందుగా ఒప్పుకున్న విలువను ఇస్తాయి, కాని రోజూ వాడుకోవడానికి వేరే కారు, దీనికి గ్యారేజీ ఉండాలంటాయి. ఇంట్లో లైసెన్సు వచ్చిన పిల్లలుంటే ప్రీమియం ఎంత అవుతుందో రాతపూర్వకంగా తెప్పించుకోండి.

తెచ్చిన మొదటి వారంలోనే, రసీదులు ఏమి చెప్పినా సరే, ఇంజను నూనె, గేర్‌బాక్సు నూనె, బ్రేకు ద్రవం, కూలెంటు అన్నీ మార్పించండి. తీసిన ఇంజను నూనెను ఒక చిన్న సీసాలో ల్యాబుకు పంపితే, అందులో కరిగిన లోహాల లెక్క వస్తుంది. ఏటా పంపుతూ ఉంటే మార్పు తెలుస్తుంది. ఆకులు రాలే కాలం ముగియగానే వాననీటి గొట్టాలలోకి సన్నని నైలాను తీగ పంపి శుభ్రం చేయండి. వారంలో ఒక రోజు, ఇంజను పూర్తిగా వేడెక్కేలా కనీసం ఇరవై మైళ్ళు నడపండి. నేను ఆదివారం తెల్లవారగానే, రోడ్ల మీద ఎవరూ లేనప్పుడు, టాపు తెరిచి ఉత్తరాన చెరువు గట్టు దాకా వెళ్ళి వస్తాను. చలికాలంలో నా భార్య ఫ్లాస్కులో కాఫీ పోసి తెస్తుంది. టాపు మాత్రం మూయనివ్వదు.